నేను వేసిన వాలు

ముప్పయ్యేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పాను. వాలు అంటే ఏమిటో చెప్పలేనివాడికి గోడకుర్చీ వేయించాను. అలాంటి నేను ఇరవై ఏళ్ల క్రితం, గేటు నుంచి గుమ్మం దాకా కారు వచ్చే దారికి స్వయంగా కాంక్రీటు పోశాను. మేస్త్రీ వద్దన్నాను. వాలంటే నాకంటే ఎవడికి తెలుసు!

కాగితం మీద లెక్క బ్రహ్మాండంగా వచ్చింది. గేటు దగ్గరొక గుంజ, గుమ్మం దగ్గరొక గుంజ పాతి తాడు కట్టాలి. గేటు వైపు తాడు నాలుగంగుళాలు దిగాలి. బోర్డు మీద బొమ్మకి పేర్లు పెట్టినట్టు గుంజల మీద తాడు కట్టే ఎత్తుకి గీతలు పెట్టి, సుద్దముక్కతో ‘అ’, ‘ఆ’ అని రాసుకున్నాను. పాతేటప్పుడు రెండూ తారుమారయ్యాయి. అంతే. మొదటి వానకి వీధిలోకి పోవాల్సిన నీళ్లు చక్కగా మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాయి. గుంజల సంగతి నాకూ మా ఆవిడకీ మాత్రమే తెలుసు.

"వాలు ఇటుందండీ" అందావిడ.

"కొత్తది కదా, సర్దుకుంటుంది" అన్నాను. కాంక్రీటు సర్దుకోవడమేమిటి, నా తలకాయ! ఇరవై ఏళ్లు ఆవిడ చీపురుతో నీళ్లు గేటు దాకా తోసింది. నేను వరండాలో పేపరు చదువుకున్నాను. ఎవరైనా అడిగితే, కారు దానంతటదే ఇంట్లోకి జారి వస్తుందని గొప్పలు కూడా పోయాను.

మొన్న వానల్లో ఆవిడ ఆ చీపురు చేత్తో పట్టుకునే గుమ్మం ముందు పాచి మీద జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయింది, వాకరు వచ్చింది. నాలుగు నెలలైనా గుమ్మం దాటదు. "అక్కడ కాలు పెట్టలేనండీ" అంటుంది. నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టరంటాడు. అప్పుడు గానీ నేను మేస్త్రీని పిలవలేదు. సిగ్గులేని మనిషిని.

మేస్త్రీ వచ్చి పగుళ్లు చూశాడు. చెంబెడు నీళ్లు పోశాడు. అవి నింపాదిగా గుమ్మం కేసి నడిచాయి.

"ఎవడు సార్ ఈ మహానుభావుడు?"

"ఎవడో మేస్త్రీ. ఇప్పుడు ఊళ్లో లేడు."

కిటికీ అవతల వాకరు చప్పుడు ఆగింది. ఆవిడ ఏమన్నా అని ఉంటే పోట్లాడేవాణ్ణి.

"దొరికితే నాలుగు తగిలించాలి సార్. ఇక్కడ ఎవరో ఒకరు పడే ఉంటారు" అన్నాడు మేస్త్రీ, పాచి గీకుతూ.

"పోసింది నేనే. పడింది మా ఆవిడ" అన్నాను.

అతను నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "అయితే ఈసారి మీరు ఆ వరండా కుర్చీలోంచి లేవకండి సార్."

లేవలేదు. పాతది పగలగొట్టారు, మట్టి గట్టిపడేలా దిమ్మిసతో కొట్టారు, కడ్డీలు పరిచారు. కొత్తది పోసి, కాలు జారకుండా పైన చీపురుతో గీతలు గీశారు. నాకు అప్పజెప్పింది ఒక్కటే పని, పదిరోజులు పూటపూటా తడపడం. దానిక్కూడా మేస్త్రీ ఫోన్ చేసి కనుక్కునేవాడు.

పదకొండో రోజు పొద్దున గుమ్మం ముందు బకెట్టెడు నీళ్లు కుమ్మరించాను. గేటు దాటి వీధిలోకి పోయాయి. వెనక్కి తిరిగితే గుమ్మంలో మా ఆవిడ, వాకరుతో.

"మీరేమీ చెయ్యి పెట్టలేదు కదా?"

"ఒట్టు. నీళ్లు తప్ప ఏమీ పోయలేదు."

"గుంజలు?"

"ముట్టుకోలేదు."

"అయితే తప్పుకోండి."

వాకరు కొత్త కాంక్రీటు మీద పెట్టింది. చెయ్యి అందించబోతే వద్దంది. నేను ఖాళీ బకెట్టుతో నిలబడ్డాను. ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్లి గేటు తాకింది. అక్కణ్ణించి నా వంక చూసింది.

"నేను నీళ్లు తోసిన ఆ చీపురు ఇక మీ దగ్గరే ఉంచుకోండి."

ఉంచుకున్నాను.