అన్నీ వచ్చేశాయన్న జాబితా

మొన్న ఫోనులో ఏదో దరఖాస్తు నింపుతుంటే, ఒక ప్రశ్నకి నేను వేలు పెట్టకముందే ‘అవును’ అని పడి ఉంది. అది చూడగానే పాతికేళ్ళ కిందటి ఒక తుఫాను రోజు గుర్తొచ్చింది.

అప్పుడు నేను శ్రీకాకుళంలో ఓ చిన్న ప్రభుత్వాఫీసులో కంప్యూటరు మీద పనిచేసేదాన్ని. తీరంలోని పడవలన్నిటినీ డేటాబేసులో ఒక టేబుల్‌గా ఎక్కించి, పడవకో వరుసా, ప్రతి వరుసలో ‘తిరిగొచ్చిందా’ అనే గడి, అంటే ఫీల్డూ పెట్టి, ఆ ఫీల్డులో ఉన్న విలువలు చదివి ఎన్ని ఒడ్డు చేరాయో చెప్పే ప్రోగ్రామును, ఆ రోజుల్లో చాలామందిలాగే పుస్తకం పక్కన పెట్టుకుని తంటాలుపడి నేనే రాశాను. ఆ మధ్యాహ్నం గాలి కిటికీ రెక్కల్ని బాదుతుంటే, తెర మీద అన్ని పడవలూ వచ్చేసినట్టు పడింది. మా ఆఫీసరుగారు హమ్మయ్య అనుకుని, పైకి పంపే కాగితం మీద సంతకం పెట్టేశారు.

మా మావయ్య కూడా ఆవేళ చేపల వేటకెళ్ళాడు. వచ్చేశాడటగా అని పలకరిద్దామని కళింగపట్నంలో మా మేనత్త ఇంటి పక్క కొట్టుకి ఫోను చేసి, ఆవిణ్ణి పిలిపించాను.

“వచ్చీసినాడని ఎవులు సెప్పినారే? నాను ఒడ్డుకాడ్నించే వస్తన్నాను. మీ మావ పడవ రాలేదు, ఇంకో నాలుగు కూడా రాలేదు!”

ఫోను పెట్టేసి తెర ముందు కూర్చున్నాను. కోడు తెరిచి, విలువలతోపాటు ఆ ఫీల్డు లక్షణాలు కూడా చదివి చూపించేలా రెండు లైన్లు చేర్చాను. ఏమీ నింపకపోతే దానంతటదే పడే డిఫాల్ట్ విలువ దగ్గర ‘అవును’ అని పడింది. పరీక్షించేటప్పుడు టైపు శ్రమ తగ్గుతుందని నేనే పెట్టి, తీయడం మరచిపోయాను. ఒడ్డునుంచి కబురు రాక ఎవరూ ఏమీ ఎక్కించని పడవ కూడా వచ్చేసినట్టే చూపిస్తోందన్నమాట.

“సార్, ఆ కాగితం ఆపండి. తప్పు నాది. అయిదు పడవలు ఇంకా సముద్రంలోనే ఉన్నాయి” అంటున్నప్పుడు, ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన కాగితం చింపేసి, వెతకడానికి బోట్లు పంపమని చెప్పడానికి ఫోను అందుకున్నారు.

చీకటి పడేలోపు నాలుగు పడవలు దొరికాయి. మావయ్య పడవ తిరగబడిందట. చెక్క పట్టుకుని తేలుతున్న ఆయన్నీ తోటివాళ్ళనీ బోటులోకి లాగారట. మర్నాడు చూడ్డానికి వెళ్తే మంచం మీంచే, “ఏటే, నాను ఇంటికొచ్చీసినానని రాసీసినావటే!” అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఇప్పుడు పడవల జాడ ఉపగ్రహాల వల్ల ఆకాశంనుంచే తెలుస్తుందట, మంచిదే. ఆ మధ్య పాత ఆఫీసుకి వెళ్తే, నా పనిలో ఉన్న అమ్మాయి పడవలన్నిటినీ తెర మీద చుక్కలుగా చూపించింది. ఆ పడవలవాళ్ళలో ఎవరైనా నీకు తెలుసా అమ్మా అని అడిగితే, తెలియాల్సిన అవసరం రాలేదండీ అంది. నిజమే, రాదు. మాకే, ఫోను చేసి అడగడానికి, ఒడ్డున నిలబడి చూసొచ్చే మనిషి కావలసొచ్చేది.