మఖమల్ ఆకాశం

వీధిలో ఆమెను అందరూ ముక్కలక్క అనేవాళ్ళు. దర్జీ షాపుల్లో కత్తిరించగా మిగిలిన పీలికలు, పరుపులవాళ్ళు పారేసిన అంచులు, వెలిసిపోయిన కర్టెన్లు, ఏవి కనబడినా సంచిలో కుక్కుకుని ఇంటికి చేర్చేది. పగలంతా బట్టలు కుట్టి నాలుగు డబ్బులు సంపాదించేది. తీరిక దొరికితే ఆ ముక్కలన్నీ అతికి గోడకు వేలాడదీసే పటాలు కుట్టి, అనాథాశ్రమానికో ఆసుపత్రికో ఊరికే ఇచ్చేసేది. మంచం కింద, బీరువా మీద, వంటింటి అటక మీద ఎక్కడ చూసినా మూటలే. ఈ ఇంట్లో ముక్కలు కానిది తానొక్కతేనని అత్తగారు గొణుగుతూనే, కళ్ళజోడు పెట్టుకుని రంగులు వేరుచేసి పెట్టేది.

ధర్మాసుపత్రి పిల్లల వార్డుకి ఒక పెద్ద పటం కావాలని హెడ్ సిస్టర్ అడిగింది. ముక్కలక్క రైలు కుట్టింది. పెట్టెకో రంగు, కిటికీకో జంతువు. పైన రాత్రి ఆకాశం కోసం, పడగొడుతున్న పాత సినిమాహాలు దగ్గర దొరికిన ముదురు నీలం మఖమల్ తెర ముక్క దాచిపెట్టుకుంది. మిగతా గుడ్డలన్నీ సిస్టర్ చెప్పినట్టే ఉడికించి ఉతికింది. మఖమల్ కొసని మాత్రం నీళ్ళలో ముంచగానే నీలమంతా దిగిపోసాగింది. ఉడికిస్తే పనికిరాదని తేలిపోయింది. బాగా దులిపి, ఎండలో వేసి, అలాగే కుట్టేసింది. అన్నీ ఉడికించారా అని సిస్టర్ అడిగినప్పుడు అవునన్నట్టు తల ఊపింది.

పటం కిందే ఒక చిన్న పిల్ల మంచం. ఛాతీ జబ్బుతో చేరిన పిల్ల. మంచం మీద నిలబడి ఆకాశాన్ని నిమరడం దానికి ఆట అయిపోయింది. ముక్కలక్క వెళ్ళినప్పుడల్లా ఏనుగుకి టికెట్టు ఉందా అని అడిగేది.

ఒకరోజు వెళ్ళేసరికి ఆ మంచం ఖాళీగా ఉంది. ఆయాని అడిగితే, పొద్దున ఊపిరాడక లోపలి గదికి మార్చారని, తల్లి తలుపు దగ్గరే కూర్చుందని చెప్పింది. ముక్కలక్క తలెత్తి మఖమల్ వైపు చూసింది. ఏళ్ళ తరబడి ఆ హాల్లో పేరుకున్న దుమ్మంతా దాని నూగులోనే ఉన్నట్టు అనిపించింది. సిస్టర్ గది వైపు వెళ్ళకుండానే ఇంటికి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఒక చొక్కాకి కుడి చెయ్యి ఎడమవైపు కుట్టింది. విప్పి మళ్ళీ అటే కుట్టింది. కంచం ముందు కూర్చుని, అన్నం కలిపి అలాగే వదిలేసి లేచింది. వీధిలో ఫోను మోగినా తనకే అనుకుంది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్, నెమ్మదస్తుడు. సంగతంతా విని, ఎవరూ అడగనిదే ఎందుకు నెత్తిన వేసుకోవడం, రేపు ఏమన్నా అయితే వేలు నీ వైపే చూపిస్తారు అన్నాడు. గుమ్మం దగ్గర రంగులు వేరుచేస్తున్న అత్తగారు తల ఎత్తకుండానే అంది:

"చెప్తే తిట్లు తింటావమ్మా. చెప్పకపోతే తిండి కూడా తినలేవు. ఏది నయమో చూసుకో."

మర్నాడు తలుపులు తీయకముందే ఆసుపత్రి మెట్ల మీద ఉంది. హెడ్ సిస్టర్ రాగానే వెనకే నడుస్తూ చెప్పింది.

"సిస్టర్, ఆ నీలం గుడ్డ నేను ఉడికించలేదండీ. అన్నీ ఉడికించానని మీతో అబద్ధం చెప్పాను."

సిస్టర్ ఆగిపోయింది. ఆమె ముఖంలో రంగు మారింది. తిట్టలేదు. నిచ్చెన తెప్పించి, దగ్గరుండి పటం దింపించి, సంచిలో మూటగట్టించింది. తర్వాత డాక్టరు గదిలోకి వెళ్ళి చాలాసేపు మాట్లాడింది. ముక్కలక్క బయట గోడకి ఆనుకుని నిలబడింది.

డాక్టరు చెప్పింది కూడా ఆమెకు ఊరట ఇవ్వలేదు. పిల్లది మొదటినుంచీ బలహీనమైన ఛాతీ, దుమ్ము వల్ల కావచ్చు, కాకపోవచ్చు, తేల్చి చెప్పలేం అన్నాడు. ఇప్పుడైనా చెప్పారు, మందు ఇచ్చేటప్పుడు ఆ సంగతీ చూసుకుంటాం అన్నాడు. ముక్కలక్క పిల్ల తల్లి పక్కన కూర్చుని ఆవిడకీ నిజమే చెప్పింది. ఆవిడ లేచి అవతలి బెంచీ మీదకి వెళ్ళి కూర్చుంది.

ఆ తర్వాత రోజూ వెళ్ళేది. లోపలికి వెళ్ళేది కాదు. గేటు దగ్గర ఆయా వస్తే కళ్ళతోనే అడిగేది. ఆయా తల అడ్డంగా ఊపితే వెనక్కి నడిచేది. ఒక సాయంత్రం ఆయా నవ్వింది. పిల్ల లేచి కూర్చుని గంజి తాగిందట.

ముక్కలక్క మఖమల్‌ని సిస్టర్ తిరిగిచ్చిన పటంలోంచి కుట్టు కుట్టూ విప్పేసింది. దాని చోట చొక్కాల నీలం, యూనిఫాంల నీలం, అస్తరు నీలం కలిపి అతికింది. ఈసారి పటాన్ని ఆసుపత్రి లాండ్రీలోనే ఉడికించి ఉతికారు. రైలు కాస్త ముడుచుకుపోయి వంకరైంది. అయినా సిస్టర్ దాన్ని వార్డులోకి రానివ్వలేదు. తల్లిదండ్రులు కూర్చునే వరండాలో కట్టించింది.

కొన్నాళ్ళకి సిస్టరే పిలిపించి, చిరిగిన దుప్పట్ల మూట ఒకటి చేతిలో పెట్టింది.

"ఇవి మా దగ్గర ఉడికించినవే. ఆడవాళ్ళ వార్డుకి ఏదన్నా కుట్టండి."

ఇంటికి వచ్చి ఆ మూట విప్పకముందే పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి, నీళ్ళు మరిగించింది. ఉడికించినవే అని చెప్పారుగా అని భర్త అన్నాడు. చెప్పారులే, నేనూ అలాగే చెప్పానుగా, అంటూ ఆమె మొదటి దుప్పటి మరిగే నీళ్ళలోకి వదిలింది.