ఆవకాయ కత్తికి కరెంటు వైద్యం

ఇవాళ ఆవకాయకని రెడ్డిగూడెం తోట నుంచి కాయలు దిగాయి. ముక్కలు కొట్టే కత్తి చూస్తే తుప్పు పట్టి ఉంది. మావారు బడిలో కెమిస్ట్రీ చెబుతారు. "గాజులకి బంగారు పూత వేసేదీ, ఫ్యాక్టరీల్లో అల్యూమినియం తీసేదీ కరెంటుతోనే. ఈ తుప్పొక లెక్కా!" అంటూ వంటసోడా కలిపిన నీళ్ళ బకెట్‌లో ఒక వైరుకి కత్తినీ, రెండో వైరుకి తుప్పు పట్టిన పాత గొళ్ళేన్నీ కట్టి దించి, బ్యాటరీ తగిలించారు.

మధ్యాహ్నం తీసి చూస్తే కత్తి ఇంకా ఎర్రబడింది, గొళ్ళెం తళతళలాడుతోంది. ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయట.

"గొళ్ళెం బాగుందిరా నాన్నా. కాయలు దీంతో కొట్టమంటావా?" అన్నారు అత్తయ్య.

పక్కింటి కత్తి తెచ్చి పని కానిచ్చాం. ఇప్పుడాయన నా వన్ గ్రామ్ గోల్డ్ గాజులకి మళ్ళీ పూత వేస్తానంటున్నారు. వాటిని ఎక్కడ దాచుకోవాలో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి!