అదే ముడి

చేపల పడవ అమ్మేసిన వారం అది. వల చిరిగిందని ఎవరూ కొనలేదు. పని వెతుక్కుంటూ వాకాడులో నెల్లూరు బస్సెక్కి, చేతులు ఊరుకోక ఒళ్లో దాన్నే బాగుచేస్తున్నాను. ఈ వయసులో కొత్త పని ఏం నేర్చుకుంటానని దిగులు.

పక్క సీటు అమ్మాయి మంచు సముద్రాల చేపల మీద చదువుతోందట.

"ఆ చలికి నెత్తురు గడ్డకట్టదామ్మా?" అన్నాను.

"కట్టదన్నా. నెత్తుట్లో ఒక ప్రోటీన్ ఉంటది. మంచు రవ్వ కనబడితే దానికి అంటుకుని, పెరగనీదు."

"అదెట్ట వచ్చినాది?"

"కొన్ని చేపల్లో, తిండి అరిగించే పాత జన్యువులోంచే. అందులో చిన్న ముక్క మళ్లీ మళ్లీ పేరుకుని కొత్త పని పట్టుకునింది."

ఆమె నా వల మీద వేలు పెట్టి, ఒక ముడి నుంచి ఇంకో ముడికి జరుపుకుంటూ పోయింది. "ఇట్టనే అన్నా. అదే ముడి."

మనుబోలులో దిగిపోయింది. పేరడగలేదు.

ఇప్పుడు మా ఊరి స్కూలు గ్రౌండులో క్రికెట్ బంతి రోడ్డు మీదకు పోకుండా ఆపేది నేను అల్లిన వలే. నెల్లూరు నుంచి కూడా ఇలాంటి వలలు అడుగుతున్నారు. బంతి వచ్చి వలకు తగిలినప్పుడల్లా నా చెయ్యి మాత్రం ఇంకా వల లాగే తాడు కోసం వెతుకుతుంది.