మైకులో సిక్సర్, మైదానంలో రనౌట్

రియాద్ శివార్లలో మా కంపెనీ క్యాంపు వెనక, కంచెకూ ఇసుకకూ మధ్య ఒక మైదానం ఉండేది. దాని నడుమ సిమెంటు పట్టీ, మా మేస్త్రీలు మిగిలిపోయిన కాంక్రీటుతో పోసింది. బౌండరీకి సున్నంతో గీత, గీత మీద అక్కడక్కడా ట్రెయిలర్ల పాత టైర్లు. శుక్రవారం నమాజులు ముగిసి ఎండ కాస్త వాలాక అక్కడ టెన్నిస్ బంతితో క్రికెట్ జరిగేది. చాలా ఏళ్లు ఆ మైదానానికి అంపైరుని నేనే.

ఆట నాకు రాదు. చిన్నప్పుడు మా ఇంటి పిల్లలు వీధిలోకి పోయి ఆడే అలవాటు లేదు. మాది జగిత్యాల వైపు కోట లాంటి గడీ ఉన్న దొరల ఇల్లు. నేను పుట్టేనాటికి భూములు పోయాయి, చదువు పూర్తయ్యేనాటికి గడీ పోయింది. దాని రాళ్లు ఇప్పుడు ఎవరెవరి ఇళ్ల పునాదుల్లోనో ఉన్నాయి. నేను స్టోర్ కీపరుగా సౌదీ వచ్చాను. క్యాంపులో సగం మంది మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే కాబట్టి నేనెవరినో చెప్పుకోవలసిన అవసరం పడలేదు. వచ్చిన సాయంత్రమే మెస్సు వరుసలో నా వెనక నిలబడ్డ టైల్స్ మేస్త్రి, "దొరా, జెర ముందటికి జరుగుర్రి. ఈడ పప్పు అందరికి ఒక్కటే," అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. జరిగాను. దొర అనే పిలుపు మాత్రం ఆ రోజు నుంచి నాకు అంటుకుంది.

అంపైరునెట్లా అయ్యానో చెప్పాలి. క్యాంపు ఆటల్లో ఒక ఆచారం ఉంది. బ్యాటింగ్ చేసే జట్టు మనిషే అంపైరుగా నిలబడతాడు. తన వాళ్లకు తనే తీర్పు చెప్పుకుంటాడన్నమాట. అందుకే అక్కడ ఎల్బీడబ్ల్యూ అనే మాటే లేదు. ఎవరూ ఇవ్వరని అందరికీ తెలుసు కాబట్టి ఎత్తేశారు. ప్రతి శుక్రవారం ఆట ఎక్కడో ఒకచోట తగాదాగా మారేది. ఒకసారి అది ముదిరి, క్యాంపు బాస్ ఈజిప్టు ఆయన వచ్చి, ఇంకోసారి గొడవైతే ఆ సిమెంటు పట్టీని జేసీబీతో లేపేయిస్తానన్నాడు. ఆ రాత్రి నలుగురు నా గదికి వచ్చారు. వాళ్లలో ఆ మేస్త్రి కూడా ఉన్నాడు. మాట్లాడింది అతనే.

"మీ తాత పంచాయితి జెప్తుండె గద దొరా. ఇగ మీరు జెప్పుర్రి. నవ్వుట్ల మీరు గెలువరు గని, నవ్వకుంట నిలబడుట్ల మీ అంత మొనగాడు క్యాంపుల లేడు."

మా తాత గడీ వసారాలో కూర్చుని తీర్పులు చెప్పేవాడన్నది నిజం. ఒకసారి చెప్పాక మాట మార్చేవాడు కాదని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. ఆ తీర్పులన్నీ న్యాయమైనవేనని నేను ప్రమాణం చేయలేను. మాట మార్చకపోవడం మాత్రం నాకు వచ్చింది. ఫోనులో నియమాలన్నీ చదివాను. వేలు ఎత్తాక నాతో ఎవరూ మాట్లాడకూడదన్న షరతు పెట్టి ఒప్పుకున్నాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడ దాకా బొత్తాలు, ఆట అయ్యేదాకా కూర్చోకపోవడం నా పద్ధతులు. మా క్యాంపు వాళ్లనే నేను ఎక్కువసార్లు ఔట్ ఇచ్చానని పేరు పడటంతో బయటి జట్లు కూడా నన్ను ఒప్పుకున్నాయి. దాచడం దేనికి, ఆ పేరు నాకు ఎంతో నచ్చింది.

నేను ఒక కొసన నిలబడితే, రెండో కొసన నీడకు కట్టిన టార్పాలిన్ కింద మేస్త్రి కూర్చునేవాడు. పొద్దున సైటులో సేఫ్టీ ఆఫీసరు జాగ్రత్తలు చెప్పే స్పీకరు డబ్బా శుక్రవారం అతని చేతికి వచ్చేది. అతని కామెంటరీలో మా క్యాంపు ఎప్పుడూ ఓడలేదు. మా వాడు బౌల్డయితే, "బంతి మంచిదేం గాదు, కింద ఇసుక లేసి కండ్లల్ల వడ్డది." అవతలివాడు సిక్స్ కొడితే, "వాని బలం గాదుల్లా, గాలి ఎత్కవోయింది." నేను మా బౌలరు వేసిన బంతికి చేతులు రెండూ చాపితే, "దొర చేతులు సాపిండు, మనల్ని అలయ్ బలయ్ జేసుకుంటుండనుకున్న. కాదట, వైడట!"

అవతలి జట్లకు కూడా ఆ కామెంటరీ కావాలి. అల్ ఖర్జ్ నుంచి పాల ఫారంలో పనిచేసే కుర్రాళ్ల జట్టు వ్యానులో అంత దూరం వచ్చేది. దాని కెప్టెన్ కడప సాయిబు, శీతల గదుల మెకానిక్. వస్తూ లబన్ సీసాల అట్టపెట్టెలు తెచ్చేవాడు. ఆ పల్చటి మజ్జిగ తాగుతూనే, "మీ మైకాయన మమ్మల్ని తిట్టకపోతే మాకు ఆడినట్టే ఉండదు సార్," అనేవాడు.

నాకు ఇబ్బంది ఒక్కటే. మేస్త్రి నాకంటే ముందు తీర్పు చెప్పేసేవాడు. బంతి ఇంకా గాలిలో ఉండగానే "సిక్సర్!", స్టంపులు ఊగుతుండగానే "నాటౌట్!" సాయంత్రం ఎండ నా వెనక నుంచి కొట్టడం వల్ల నా వేలు ఆటగాళ్లకు సరిగ్గా కనిపించేది కాదు. మైకు మాత్రం క్యాంపంతా వినిపించేది. మా కుర్రాళ్లు నన్ను చూడటం తగ్గించి మైకు వినడం నేర్చుకున్నారు. నేను రెండుసార్లు ఆట ఆపి చెప్పాను. మేస్త్రి మైకులోనే, "దొర కోపానికి వచ్చిండు, అందరు చెప్పులిడిసి నిలవడుర్రి," అన్నాడు. ఆ తర్వాత చెప్పడం మానేశాను.

సౌదీ సర్కారు తెచ్చిన నితాఖత్ మొదట్లో మాకు రంగుల లెక్కలా కనిపించింది. సౌదీవాళ్లకు తగినన్ని ఉద్యోగాలిచ్చిన కంపెనీ ఆకుపచ్చ, ఇవ్వనిది ఎరుపు. ఎరుపులో పడితే మనుషులకు ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి కార్డు, రెన్యూ కాదు. తర్వాత లెవీలు వచ్చాయి. భార్యాపిల్లలకు తలకింత కట్టలేక నగరంలోని కుటుంబాలు వెళ్లిపోయాయి. ఆట చూడటానికి గొడుగులతో, పులిహోర డబ్బాలతో వచ్చేవాళ్లు రావడం మానేశారు. క్యాంపుల్లో జట్లు ఒకటొకటిగా తరిగాయి. మా కంపెనీ కూడా ఎరుపులోకి జారింది. కొందరు వేరే కఫీల్ దగ్గరికి, అంటే తమకు పూచీ ఉండే మరో యజమాని దగ్గరికి మారారు. మేస్త్రికి ఆ వీలు దొరకలేదు. పాస్‌పోర్టులో ఫైనల్ ఎగ్జిట్ పడింది, ఇక ఇంటికే.

అతను పోయే ముందు వచ్చిన శుక్రవారమే ఆ ఏటి ఫైనల్. మా క్యాంపు, అల్ ఖర్జ్ జట్టు. కప్పు అంటే పైపు ముక్కలతో మా వెల్డర్లు అతికించి వెండి రంగు వేసిన కూజా లాంటిది. అది ఎన్నో క్యాంపులు తిరిగింది గానీ, చేసిన మా దగ్గర ఒక్క ఏడు కూడా నిలవలేదు. పొద్దున మేస్త్రి నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"దొరా, ఇన్నేండ్లు మైకుల మనల్నే గెలిపిచ్చిన. ఒక్కపారి నిజంగ గెలిస్తే సూసిపోతా. ఇంకేం అడుగ. ఏమన్న అనుమానం ఉంటె మాదిక్కు సూడుర్రి, అంతే."

"అనుమానం ఉంటే చూద్దాం. నాకు అనుమానాలు తక్కువ."

"అదే గదా మా కర్మ," అని నవ్వుకుంటూ పోయాడు.

ఆ రోజు ఆట చివరి బంతి దాకా వచ్చింది. మా చివరి జోడీ ఆడుతోంది. గెలవాలంటే మూడు పరుగులు కావాలి. బ్యాటు పట్టింది మేస్త్రి మేనల్లుడు, ఎలక్ట్రీషియన్, బంతిని గట్టిగా బాదేవాడు. బంతి పడింది, వాడు కొట్టాడు. అది నా తల మీదుగా టైర్ల వైపు ఎత్తుగా లేచింది. మైకు అరిచింది. "సిక్సర్! అవుతల వడ్డది! గెలిచినం, కప్పు మనదే!"

నేను అప్పటికే వెనక్కి తిరిగి బంతినే చూస్తున్నాను. అది గీతకు ఇవతల మెత్తటి ఇసుకలో పడింది. ఎగరలేదు, అక్కడే కూరుకుపోయింది. ఫీల్డరు దాన్ని వెతుక్కుంటున్నాడు. అంతలో మూడు పరుగులు నడిచినా వచ్చేవి. కాని మా వాళ్లిద్దరూ ఒక పరుగు తీసి, రెండోదానికి బయలుదేరి, మైకు విని పట్టీ నడుమ ఆగిపోయారు. బ్యాట్లు పారేసి ఒకరినొకరు ఎత్తుకున్నారు. బంతి వచ్చింది. బౌలరు తీరిగ్గా నడిచి స్టంపులు పడగొట్టి నా వైపు చూశాడు. కడప కెప్టెన్ అప్పీలు చేశాడు, అంత గట్టిగా కాదు.

నేను వేలు ఎత్తాను.

నా షరతు ఆ రోజు ఎవరికీ గుర్తు లేదు. మా వాళ్లంతా చుట్టూ చేరారు.

"మైకుల సిక్స్ అన్నరు గద! అంటే బాల్ డెడ్ అయినట్టే గద!"

"మైకు నా నోరు కాదు," అన్నాను.

"గాయినకు ఇదే ఆఖరి ఆట దొరా!"

ఆ మాట నాకు తెలియనిది కాదు. పట్టీ నడుమ మేనల్లుడు తల పట్టుకుని కూర్చున్నాడు. కడప కెప్టెన్ గుంపును తోసుకుంటూ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"సార్, వాళ్లు పొరపాటున నిలబడినారు. ఆయప్ప పోతాండాడంట గదా. నా అప్పీలు నేను వెనక్కి తీసుకుంటా, ఆ బంతి మళ్లా ఏపించండి. ఇట్ల గెలిచి మేం యాడ పెట్టుకునేది ఆ కప్పు?"

ఈ వీలు నియమాల్లో ఉంది. అప్పీలు వెనక్కి తీసుకోవడం కెప్టెన్ హక్కు, దానికి ఒప్పుకోవడం అంపైరు హక్కు. బంతి మళ్లీ వేయించాలని ఏ నియమమూ చెప్పదు. అయితే రెండు జట్లూ కోరితే నాకేం అభ్యంతరం? నేను అబద్ధం చెప్పినట్టూ కాదు, మాట మార్చినట్టూ కాదు. గుంపులో ఉన్న మేస్త్రిని కూడా వినమని చేయెత్తి పిలిచాను.

"వాళ్లు వెనక్కి తీసుకుంటామంటున్నారు. నేను ఒప్పుకుంటాను. ఆఖరి బంతి మళ్లీ వేస్తారు."

మా కుర్రాళ్లు కేక పెట్టారు. మేస్త్రి పెట్టలేదు. స్పీకరు డబ్బా భుజాన వేలాడుతోంది, మైకు ఇంకా చేతిలో ఉంది, ఆపలేదు. అందుకే అతని మాట క్యాంపంతా విన్నది.

"మల్ల ఏసుడు వద్దు."

"ఎందుకు మామా?" మేనల్లుడు లేచి నిలబడ్డాడు.

"మల్ల ఏసి మల్ల ఓడితె రెండుపార్లు ఓడినట్టు. ఒక్కపారి ఓడుడే నాతోని అయితలేదు."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు రెండు జట్లకూ పాకింది. మేనల్లుడు కళ్లు తుడుచుకుని అడిగాడు, "మరి ఇప్పుడు ఔటా, నాటౌటా?"

"దొర ఏలు లేపిండు గదరా. ఔటే." మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "కని మనోడు ఉరుకుడు మాత్రం మస్తు ఉరికిండు. ఆగకపోతె మూడు గాదు, ఆరు దీసేటోడు. ఆపింది ఎవడో మీకందరికి ఎర్కే, వాడు మంగళారం ఎల్లిపోతుండు, ఇగ మీకు రంది లేదు."

మా క్యాంపు మనిషి ఔటయ్యాడని అతను ఏ సాకూ లేకుండా ప్రకటించడం నేను వినడం అదే మొదలు. ఆ మాట ఎంతోసేపు నిలవలేదు. కప్పు అల్ ఖర్జ్ వాళ్ల చేతికి ఇస్తుంటే మళ్లీ మొదలుపెట్టాడు. "సూడుర్రి, గా కప్పు వెల్డింగ్ జేసింది మనోడు, రంగేసింది మనోడు. మన సామాను వాళ్ల గదిల కిరాయికి ఉంటది, అంతే. గెలుసుడు ఓడుడు ఏం లేదు." కడప కెప్టెన్ కప్పు నెత్తిన పెట్టుకుని పగలబడి నవ్వాడు. లబన్ సీసాలు విప్పారు. నాకు ఒకటి ఇచ్చారు. ఆట ముగిసింది కాబట్టి నేను కూడా కూర్చున్నాను.

ఆ సాయంత్రం నా మనసు ఎంతో నిండుగా ఉంది. ఓడిన జట్టు నాది, పోతున్నవాడు నావాడు, అయినా లోపల ఏదీ వంకరగా లేదు. మా ఇంటి నుంచి నాకు చేరింది ఏమైనా ఉంటే అది ఇక్కడ ఇసుకలో పనికి వచ్చింది. దానికి ఎదురు చెప్పే మనిషి ఒకడు అవతలి కొసన ఉండటం వల్లే పనికి వచ్చిందని కూడా అప్పుడే తెలిసింది.

అల్ ఖర్జ్ వ్యాను కదులుతుండగా మేస్త్రి కనిపించలేదు. చూస్తే టైర్ల దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. బంతి కూరుకుపోయిన గుంట ఇంకా చెదరలేదు. టైల్స్ పనిలో ఎప్పుడూ జేబులో ఉండే టేపు తీసి, గుంట నుంచి సున్నం గీత దాకా పట్టి కొలిచాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. మరోసారి కొలిచాడు. నేను నడుచుకుంటూ వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఎంత వచ్చింది?" అన్నాను.

టేపు టక్కున లోపలికి పోనిచ్చి, చేతులు దులుపుకుని లేచాడు.

"ఇసుక జరిగింది దొరా. ఈ కొలతలు నమ్మరాదు."