బి అంటే బంగారుపాళ్యం

పొద్దున మా పాల కంపెనీ తిరుపతి ఆఫీసులో కొత్త సీటులో కూర్చున్నానో లేదో, కంప్యూటర్ టింగుమని మోగి ఒక హెచ్చరిక చూపించింది: వడమాలపేట యంత్రం ముద్ర మారింది, అయినా కలపమంటారా? ఆ మోత వినగానే సరోజ మేడం గుర్తొచ్చింది. అవును, కంప్యూటర్ల ఇన్‌ఛార్జిగా ఈరోజే చేరాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని. ఈ మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

చిత్తూరులో ఇదే కంపెనీ కంప్యూటర్ గదికి మేడం పెద్ద. నేను మొదట పనిలో చేరింది ఆమె కిందే. ఊళ్లలోని పాలకేంద్రాల యంత్రాలకు మా డెస్క్‌టాప్ నుంచి ఫోను లైను మీద కనెక్ట్ అయ్యేవాళ్లం. ఒక్కో యంత్రానికి వేలిముద్రలాగా అక్షరాలు, అంకెలు కలిసిన ఒక వరస ఉంటుంది. మొదటిసారి కలిసినప్పుడు మా కంప్యూటర్ దాన్ని దాచుకుంటుంది. తర్వాత తేడా కనబడితే అడుగుతుంది. అందరూ చూడకుండా 'ఎస్' నొక్కేసేవాళ్లు. మేడం మాత్రం అవతలివాళ్లకు ఫోన్ చేసి, వాళ్ల యంత్రం మీదున్న వరసంతా చదివించి, మా తెర మీద కనబడే కొత్త వరసతో సరిచూసేది. ఫోనులో బి, సి, డి ఒకేలా వినబడతాయని ఊళ్ల పేర్లు పెట్టింది. బి అంటే బంగారుపాళ్యం, సి అంటే చంద్రగిరి, డి అంటే దామలచెరువు. ఎఫ్‌కు ఊరు దొరక్క ఫ్యానుతో సరిపెట్టుకుంది.

"మొగం తెలీనోడు వచ్చి మీ సిన్నాయన కొడుకునంటే లోపలికి రానిస్తావా పాపా? యా ఊరు, ఎవురింటోడివని అడగవా?" అనేది.

అప్పటికి నా ఉద్యోగం ఖాయం కాలేదు. ఒక మధ్యాహ్నం పూతలపట్టు యంత్రం ముద్ర మారింది. మా నాయన పాలు పోసే కేంద్రమే అది. సాయంత్రంలోపు రైతుల లెక్కలు బ్యాంకుకు పోవాలి. మేనేజరు నా వెనక నిలబడి 'ఎస్' నొక్కమన్నాడు. ఇంకా పర్మినెంటు కాని పిల్లకు ఇంత మొండితనం పనికిరాదన్నాడు. మేడం వైపు చూశాను. ఆమె తల తిప్పలేదు. 'నో' నొక్కి ఫోన్ తీసుకున్నాను.

ఆ కేంద్రం చూసుకునే రమణన్న అన్నం ముందర నుంచి లేచొచ్చి చదివాడు. "బంగారుపాళ్యం, ఏడు, ఫ్యాను, ఫ్యాను... నన్ను బస్సు కండక్టర్ని చేస్తివే పాపా."

అంతా సరిపోయింది. పిడుగుకు పాత యంత్రం కాలిపోతే పొద్దునే కొత్తది పెట్టారట. మాకు చెప్పడం మరిచారు. పాత ముద్ర తీసేసి కొత్తది దాచాను.

ఇంతదానికా ఇంత సేపు అని మేనేజరు నవ్వాడు. అప్పుడు లేచింది మేడం.

"ఇంతే అని తెలుసుకునేదానికే సార్ ఆ సేపు. ఈ పిల్లను ఈడే ఉండనియ్యండి. రేపట్నించి ముద్రలన్నీ తనే సూసుకుంటాది."

అలా ఖాయమైంది నా ఉద్యోగం.

ఈరోజు కూడా 'నో' నొక్కి వడమాలపేటకు ఫోన్ చేశాను. ఎవరో కొత్త మనిషి, ఎవరు మాట్లాడేదని గద్దించాడు. నా పేరుతో పాటు పదవి కూడా చెప్పాను. దాన్ని నా నోటితో అనడం అదే మొదటిసారి. అతను మెత్తబడి చదవడం మొదలుపెట్టాడు. మొదటి అక్షరం దగ్గరే ఆపి, బి అంటే ఏమిటన్నాను.

"బంగారుపాళ్యం గదా మేడం," అన్నాడు. "ఈడ అందురికీ తెలుసు."