రాయి మీద ఊపిరి

మా బావ బుధవారం పొద్దున నంద్యాల ఆస్పత్రిలో పోయినాడు. ఆయన మీద పడిన దొంగ అన్న మాట మాత్రం ఏండ్లుగా పోలేదు. ఆ మాట అన్న నగల షావుకారు బతికే ఉన్నాడు. ఇది అచ్చయ్యే పత్రిక ఆయన అంగడికీ పోతుంది. అందుకే, నాకు చదువు అంతంతమాత్రమైనా రాస్తున్నాను.

నేను ఆళ్లగడ్డలో బండలు చెక్కేవాణ్ని. మా అక్క మొగుడైన బావ నంద్యాలలో ఉంగరాల రాళ్లు సానబట్టేవాడు. మిషన్‌లో తయారయ్యే తెల్లరాళ్లు అప్పుడప్పుడే మన వైపు వస్తున్నాయి. అమెరికన్ డైమండ్ అనేవాళ్లు. ఏదో పొడిని మన కొలిములకు అందనంత వేడిలో కరిగించి, నిదానంగా చల్లారిస్తే రాయవుతుందట. ఆ ముక్కను బావ లక్కతో పుల్లకు అంటించి, తిరిగే చక్రానికి ఆనించి, ఒక్కొక్క పక్కే అరగదీసి పలకలు దించేవాడు. ఆ మీదట రాగి పళ్లెం మీద నూనె, వజ్రపు పొడి వేసి మెరుగు పెట్టేవాడు.

"యాడిది బావా ఈ రాయి? దీనికి తల్లీ లేదు, తండ్రీ లేడు," అని నేను ఎగతాళి చేసేవాణ్ని.

"నీ బండకు మాత్రం ఉండారా, బామ్మర్దీ? మిషన్ రాయిని మిషన్ రాయేనని చెప్పి ఇస్తే దానికేం తక్కువ?"

చెప్పడమే కాదు, చూపేవాడు. రాయి తీసుకునేటప్పుడూ, తిరిగి ఇచ్చేటప్పుడూ మనిషి ముందరే దాని మీద ఊపిరి వదిలేవాడు. వజ్రమైతే ఆవిరి వెంటనే పోతుంది. మిషన్ రాయి మీద కాసేపు మంచులా నిలుస్తుంది.

షావుకారు తెచ్చిన రాయి మీదా అట్లే వదిలినాడు. ఆ పొద్దు నేను నంద్యాల పోయి బావ పక్కనే కూర్చుని ఉన్నాను. ఆవిరి నిలిచింది.

"చూసినారు కదా, మిషన్ రాయే," అన్నాడు బావ.

"తెలుసు లేప్పా. తొందరగా సానబట్టు," అన్నాడు షావుకారు.

ఆ రాయినే వజ్రమని అమ్మినాడు. కొన్నవాళ్లు వచ్చి నిలదీస్తే, "నేను వజ్రమే ఇచ్చింటి, సానబట్టేవాడు మార్చినాడు," అన్నాడు. నేను చూసింది చెప్తే, బామ్మర్ది మాట ఎవరు నమ్ముతారని బజారంతా నవ్వింది. బావకు రాయి ఇచ్చేవాడు లేకపోయినాడు. చక్రం మీద గుడ్డ కప్పినాడు. నేను పోయి షావుకారు చొక్కా పట్టుకుంటానని లేస్తే, నా చెయ్యి పట్టుకుని ఆపినాడు.

"వద్దురా. ఆయప్ప కండ్లారా చూసినాడు. ఆయప్పే చెప్పాల."

అట్లే ఎదురుచూస్తూ పోయినాడు.

బుధవారం డాక్టరు వచ్చేలోపల అక్క తన ఉంగరం తీసి బావ ముక్కు దగ్గర పెట్టింది. బావ మొట్టమొదట సానబట్టిన మిషన్ రాయి అందులోది. చూస్తూ నిలబడినాము.

"మంచు పట్టలేదు రా," అన్నది అక్క. రాయి తళతళ మెరుస్తూనే ఉంది.

షావుకారూ, ఆదివారం సాయంత్రం చర్చిలో బావ జ్ఞాపక కూడిక. ఆ ఉంగరం బల్ల మీద పెడతాను. ఆ పొద్దు మీ రాయి మీద ఆవిరి నిలిచిందా, లేదా? ఆదివారం పొద్దు గూకేలోపల వచ్చి, అందరి ముందర చెప్పండి.